వార్షిక నివేదిక: మన సంఘం ఆఫ్‌రోడ్ బైక్ విభాగం

సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

మన తెలుగు సంఘంలో ఈ విభాగం మొదలైనప్పుడు "కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకోవడానికా ఈ సరదా?" అని అడిగిన పెద్దలు ఉన్నారు. ఈ అక్టోబర్‌లో ఆ పెద్దలే ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్‌లో ట్రాక్ పక్కన తాడు పట్టుకుని నిలబడి, గొంతు పోయేలా అరిచారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం అక్కడ జరిగిన ఐరన్‌మ్యాన్ అనే ఆఫ్‌రోడ్ బైక్ రేసు గురించే రాస్తున్నాను.

ముందు ప్రాక్టీసు సంగతి. ఒహాయోలో మనకు అలవాటైన చోటు వేన్ నేషనల్ ఫారెస్ట్. అక్కడి ట్రెయిల్స్ ఏప్రిల్ 15న తెరిచి డిసెంబర్ 15న మూసేస్తారు, పర్మిట్ తప్పనిసరి. ఆ అడవిలోని మండే క్రీక్ ట్రెయిల్స్ వైపు శనివారం రైడ్లు ఈ ఏడాది క్రమం తప్పకుండా జరిగాయి. ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదనీ, అందరి వెనకా అనుభవం ఉన్నవారొకరు రావాలనీ పెట్టుకున్న నియమాన్ని అందరూ పాటించారు. ఎక్కుడులో బండి ఆగిపోతే కంగారుపడకుండా అక్కడే తిప్పుకుని కిందికి దించడం ఎలాగో మన జాయింట్ సెక్రటరీ గారు కొత్తవాళ్ళకు ఓపికగా నేర్పించారు. స్పీడ్ కంటే ముందు రావాల్సిన విద్య అదే. వేసవిలో పిల్లలను పికరింగ్టన్‌లోని మోటార్‌సైకిల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి తీసుకెళ్ళాం. రేసులో దిగాలంటే కావాల్సిన సభ్యత్వం ఇచ్చే ఏఎంఏ, అంటే అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ ఆఫీసు కూడా ఆ ఊళ్ళోనే.

ఇక రేసు. ఐరన్‌మ్యాన్ అనేది గ్రాండ్ నేషనల్ క్రాస్ కంట్రీ, అంటే జీఎన్‌సీసీ సిరీస్‌లో ఒక రౌండు. ఈ సిరీస్‌కు మూలం 1975లో వెస్ట్ వర్జీనియాలోని డేవిస్ అనే చిన్న ఊళ్ళో డేవ్ కూంబ్స్ మొదలుపెట్టిన బ్లాక్‌వాటర్ 100. ఇందులో నాకు నచ్చే విషయం ఏమిటంటే, మధ్యాహ్నం మూడు గంటల పాటు ప్రొఫెషనల్స్ తిరిగే అడవిలోనే ఉదయం మనలాంటి ఉద్యోగస్తులకు రెండు గంటల రేసు ఉంటుంది. అవే చెట్ల వేర్లు, అవే వాగులు, అదే బురద. ఒక్కో చుట్టు దాదాపు పది మైళ్ళు. టైమ్ అయిపోయాక, అప్పటికి నడుస్తున్న చుట్టు పూర్తి చేసి జెండా చూస్తే రేసు ముగిసినట్టు.

మన తరఫున నలుగురు దిగారు: కొత్తగా రేసుల్లోకి వచ్చినవాళ్ళ కోసం ఉండే సీ క్లాసుల్లో ముగ్గురు, మహిళల విభాగంలో ఒకరు. దసరాకే బండ్లకు పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. అంతకు మించిన పూజ రేసు ముందు రాత్రి జరిగింది. ఎయిర్ ఫిల్టర్ కడిగి ఆరబెట్టి నూనె పట్టించడం, చైన్ వదులు చూడటం, చక్రాల చువ్వలు ఒక్కొక్కటీ తట్టి బిగువు చూడటం, హ్యాండ్‌గార్డుల బోల్టులు బిగించడం. లైటు పట్టుకుని నిలబడినవాళ్ళకు కూడా నిద్ర లేదు.

స్టార్ట్ చూడనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. క్లాసుల వారీగా వరసలు కడతారు. ఇంజిన్లు ఆపేసి ఉంటాయి. "పది సెకన్లు" అని కేక వినిపిస్తుంది, జెండా లేస్తుంది, అప్పుడే అందరూ ఒక్కసారిగా స్టార్ట్ చేయాలి. మొదటి మలుపులో ముందువాళ్ళ వెనక చక్రాల మట్టి నేరుగా మొహానికి కొడుతుంది. మన సోదరికి బండి వెంటనే అందుకోలేదు, వరసంతా వెళ్ళిపోయింది. అయినా టెన్షన్ పడకుండా, చెట్ల మధ్య ఇరుకు దారుల్లో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చారు.

రెండో చుట్టుకు కొండ ఎక్కే చోట జామ్ అయింది. తడిసిన బంకమట్టిలో ముందున్న బండ్లు అడ్డంగా పడిపోయాయి. మన సభ్యుల్లో ఒకరు లైను మార్చి, చెట్ల వేర్లున్న పక్కనుంచి, పెగ్స్ (కాళ్ళు పెట్టుకునే కడ్డీలు) మీద నిలబడి రెండో గేర్‌లోనే పైకి లాగేశారు. మండే క్రీక్‌లో నేర్చుకున్నది అక్షరాలా అక్కడ అక్కరకొచ్చింది. ఇంకొకరికి బురద వల్ల వెనక బ్రేక్ ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయి. దిగుడులో జారి భుజానికి దెబ్బ తగలడంతో ఆయన రేసు అక్కడితో ఆగింది. ఇప్పుడు కోలుకున్నారు. మిగతా ముగ్గురూ జెండా చూశారు.

ఆ ముగ్గురి పేర్లే ఫలితాల్లో ఉంటాయి కానీ, ఆ ఫలితంలో సగం పిట్‌లో, అంటే రేసు మధ్యలో రైడర్ ఆగి సాయం అందుకునే చోట ఉన్నవాళ్ళది. రైడర్ వచ్చి ఇంజిన్ ఆపగానే ఒకరు పెట్రోల్ పోయాలి, ఒకరు అగ్నిమాపక సిలిండర్ పట్టుకుని పక్కనే ఉండాలి, ఇంకొకరు గ్లవ్స్, గాగుల్స్ మార్చాలి. మొహమంతా బురదతో, ముంజేతులు బిగుసుకుపోయి క్లచ్ కూడా నొక్కలేని మనిషికి కొత్త గాగుల్స్ తొడిగి, నోటికి నీళ్ళు అందించి, "ఇంకో చుట్టే, వెళ్ళు" అనడం చిన్న పని కాదు. మా పిట్‌లో ఆ పని చేసినవాళ్ళలో బండి తోలడం రానివాళ్ళే ఎక్కువ. పులిహోర, పెరుగన్నం డబ్బాలతో చలిలో పొద్దుట్నుంచి నిలబడ్డ అమ్మలకూ, అత్తయ్యలకూ కార్యవర్గం తరఫున ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి మా ప్రతిపాదనలు ఇవి. రైడర్ల సంఖ్య పెంచే ముందు పిట్ జట్టును పెంచాలి. ఒక్కో రైడర్‌కు కనీసం ఇద్దరైనా లేకపోతే ఎంట్రీ వేయకూడదని కార్యవర్గం అభిప్రాయం. ఐరన్‌మ్యాన్‌కు ముందు దగ్గర్లో జరిగే చిన్న రేసుల్లో ఒక్కటైనా పూర్తి చేసి ఉండాలి. బురద రేసుకు కొత్త బ్రేక్ ప్యాడ్లు లేని బండిని తనిఖీలో ఆపేస్తాం. ప్రతి రైడరూ తమ హెల్త్ ఇన్సూరెన్స్‌లో మోటార్ రేసులకు కవరేజీ ఉందో లేదో రాతపూర్వకంగా కనుక్కుని, ఆ కాగితం మాకు చూపించాలి. ఈ విషయంలో మినహాయింపులు అడగవద్దని మనవి.

జమాఖర్చులు ట్రెజరర్ గారు విడిగా సమర్పిస్తారు. ట్రెయిల్స్ తెరిచిన వారంలోనే మొదటి రైడ్ ఉంటుంది. పిట్ జట్టులో చేరదలచినవాళ్ళు ఏప్రిల్ నెల మొదటివారంలోగా కార్యవర్గ సభ్యుల్లో ఎవరికైనా పేరు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి