సిస్టర్ల మఠం డాబాపై ప్రార్థన గది: విరాళాల విజ్ఞప్తి

విచారణ (పారిష్) విశ్వాసులకు, పట్నాల్లో స్థిరపడిన మన ఊరి బిడ్డలకు విచారణ కమిటీ వందనాలు.

మన సిస్టర్లకు ప్రార్థన గది అంటూ విడిగా లేదు. హాస్టల్ పిల్లలు చదువుకునే రేకుల గదిలోనే ఓ మూల తెర కట్టి, దాని వెనుక దివ్యసత్ప్రసాదం ఉంచే పెట్టె, అంటే దివ్యమందసం, పెట్టుకున్నారు. సాయంకాలమైతే తెరకు ఇవతల ఎక్కాలు, అవతల కీర్తనలు. ‘ఏడెనిమిదులు యాభై ఆరు’ అని పిల్లలు గొంతెత్తగానే సిస్టర్లు ఆగి, మళ్లీ అందుకుంటారు. మొన్నటి వానలకు రేకు కారితే దివ్యమందసం మీద ప్లాస్టిక్ పట్టా కప్పవలసి వచ్చింది. ఇంకా చూస్తూ ఊరుకోవడం మనకు మర్యాద కాదు.

ఈ గది సిస్టర్లు అడగలేదు. డబ్బు చేతికిస్తే డిస్పెన్సరీకి మందులో, పిల్లలకు దుప్పట్లో కొనేస్తారు. 1976లో నల్గొండ మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడక ముందు పుట్టిన పెద్దలు మన విచారణలో ఇంకా ఉన్నారు. తొలి సూదిమందు సిస్టర్ల చేతి మీదే వేయించుకున్నామని వాళ్లు చెబుతుంటారు. అందుకే ఈసారి గది మనమే కట్టించి తాళంచెవి ఇద్దాం.

‘పక్కనే గుడి ఉంది కదా’ అని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ గుడిలో పెళ్లిళ్లు, మైకులు, వచ్చేపోయేవాళ్లు. బైబిలులో చూడండి, షిలో మందిరంలో హన్నా బిడ్డ కోసం ఏడుస్తూ, గొంతు వినబడకుండా పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తుంటే యాజకుడైన ఏలీయే ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. గుడి పెద్దకే ఆమె గుండెకోత తెలియలేదు, ఇక మన సంగతి చెప్పాలా! తర్వాత ఆమె పాడిన పాట ఛాయలు మరియమాత స్తుతిగీతంలో కనిపిస్తాయి. గద్దెల మీది బలవంతులను దించి, ఆకలిగొన్నవారి కడుపు నింపే దేవుణ్ణి కొనియాడే ఆ గీతాన్నే సిస్టర్లు రోజూ సాయంకాల ప్రార్థనలో పాడుకుంటారు, పిల్లలకు అన్నం వడ్డించే వేళ దగ్గరపడుతుండగా.

గది డాబా మీద ఎందుకంటే కింద స్థలం లేదు, అంతే. అయినా ఆ మాట అనుకున్నప్పుడు బైబిలులోని యూదితు గుర్తొచ్చింది. భర్త పోయాక ఆమె తన ఇంటి డాబా మీద గుడారం వేసుకుని ఉపవాసాలతో గడిపింది. శత్రువులు ఊటలు పట్టుకోవడంతో ఆమె ఊరు బెతూలియా జనం దాహంతో అల్లాడిపోయారు. నీళ్లకు కటకట అంటే ఏమిటో మన జిల్లాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయిదు రోజుల్లో దేవుడు ఆదుకోకపోతే లొంగిపోతామన్న ఊరి పెద్దలను యూదితు పిలిపించి, దేవుడికి గడువు పెట్టడానికి మీరెవరని నిలదీసింది. యెరూషలేములో సాయంకాల ధూపం వేసే వేళకు సాగిలపడి ప్రార్థించింది. ఆ తర్వాత కిందికి దిగి ఊరిని కాపాడింది. ప్రార్థన అంటే లోకాన్ని వదిలేసి పైకెక్కి కూర్చోవడం అనుకునేవారు ఆమె కథ చివరిదాకా చదవాలి.

మనం చేయవలసిన పని ఏమిటో షూనేము ఊరి ఇల్లాలు చూపించింది. దారిన పోయే ఎలీషా ప్రవక్త కోసం డాబా మీద చిన్న గది కట్టించి మంచం, బల్ల, పీట, దీపం పెడదామని భర్తతో చెప్పింది. బైబిలులో ఆమె పేరు కూడా లేదు. కాబట్టి మనమూ దాతల పేర్లతో శిలాఫలకం వేయదలచుకోలేదు. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

గది కొలతలు పన్నెండడుగులకు పదహారు. మేస్త్రి ఇచ్చిన అంచనా కాగితం గుడి నోటీసు బోర్డు మీద ఉంది. సిమెంటు బస్తా, ఇటుకలు, తాండూరు బండలు, ఒక రోజు కూలి, ఏది ఇచ్చినా సంతోషమే. మోషే కాలంలో దేవుణ్ణి ఆరాధించే ప్రత్యక్ష గుడారం వాకిట సేవ చేసే స్త్రీలు తమ కంచు అద్దాలిస్తే వాటితోనే గంగాళం చేశారు. పత్తి అమ్మాక ఇస్తామన్నా, వడ్లు కల్లం నుంచే ఇస్తామన్నా రాసుకుంటాం. అప్పు చేసి మాత్రం ఇవ్వకండి. ఏది ఇచ్చినా విచారణ కార్యాలయంలో రసీదు తప్పక తీసుకోండి.

ఫిబ్రవరి 2న, బాలయేసు సమర్పణ పండుగ నాడు, గదిని ఆశీర్వదింపజేయాలని సంకల్పం. దేవాలయాన్ని విడవకుండా రేయింబవళ్లు ప్రార్థించిన ముసలి ప్రవక్త్రి అన్నా ఆ బిడ్డను కళ్లారా చూసిన రోజది. 1997 నుంచి కతోలిక తిరుసభ దాన్ని మన సిస్టర్లలా దేవునికి సమర్పిత జీవితం గడిపేవారి దినంగా కూడా పాటిస్తోంది.

స్లాబు వేసే రోజు కూలీలకు భోజనం పంపే ఇళ్లవారు ముందే చెప్పండి. కిందటిసారి అన్ని ఇళ్ల నుంచీ పప్పే వచ్చింది.

ఇట్లు,
విచారణ కమిటీ