బ్రాంకోస్ అమ్మాయిల లెక్క ఇదీ

అందరికీ నమస్కారం. మన బ్రిస్బేన్ రగ్బీ లీగ్ క్లబ్ బ్రాంకోస్ గురించి నిన్న గ్రూపులో ఒకరు "బ్రాంకోస్ అంటే మగవాళ్ల టీమే కదా" అన్నారు. బ్రిస్బేన్‌లో ఉంటూ ఆ మాట అనకండి బాబూ!

ఆస్ట్రేలియా మహిళల జాతీయ రగ్బీ లీగ్ పోటీ 2018లో నాలుగే జట్లతో మొదలైంది. 2018, 2019, 2020... వరసగా మూడు కప్పులూ మన బ్రిస్బేన్ అమ్మాయిలవే. మొదటి ఫైనల్లో సిడ్నీ రూస్టర్స్‌ను 34-12తో చితక్కొట్టారు. ఆ తర్వాత నాలుగు సీజన్లు ఫైనల్ గుమ్మమే తొక్కలేదు, ఆ సంగతి వదిలేద్దాం.

2025 అక్టోబర్ 5 మాత్రం మర్చిపోలేం. ఫైనల్లో ఎదురుగా అదే రూస్టర్స్, ఆ సీజన్లో అప్పటిదాకా ఒక్క మ్యాచూ ఓడలేదు. 22-18తో గెలిచాం. తేడా నాలుగు పాయింట్లు, అంటే ఒక్క ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనించడం)! చివర్లో నా టీ చల్లారిపోయింది, కప్పు చేతిలోనే ఉంది. నాలుగు కప్పుల్లోనూ ఆడిన అలీ బ్రిగిన్‌షా ఈసారి కెప్టెన్. మన జట్టులోని టమికా అప్టన్‌కైతే, న్యూకాజిల్ నైట్స్ జట్టు తరఫున ఆడి గెలిచిన రెండూ కలిపి, ఇది ఐదో కప్పు. అదే రోజు, అదే గ్రౌండ్‌లో బ్రాంకోస్ మగవాళ్లూ తమ కప్పు కొట్టారు, కానీ ముందు గెలిచింది అమ్మాయిలే.

కబడ్డీ చూసే కళ్లకు ఈ ఆట ఇట్టే ఎక్కుతుంది. వచ్చే సీజన్లో గ్రౌండ్‌కి వచ్చేవాళ్లు ఇక్కడే పేరు పెట్టండి, పిల్లల్నీ లెక్కలో కలపండి.