పసిపిల్లల బట్టల మరకలు: ఈ ఏడాది మన సంఘం చేసిన పని, వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కాలనీ సంఘం ఎత్తుకున్న పనుల్లో పసిపిల్లల బట్టల మరకల పని చిన్నదిగా కనిపించినా, ఇళ్లల్లో ఎక్కువ అక్కరకొచ్చింది అదే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి చేరాల్సిన జుబ్బాలు, లంగోటీలు, బొంతలు మరకల వల్లనే మూలన పడుతున్నాయి. బట్ట చిరగదు, మరక పోదు, కొత్తది కొనక తప్పదు. పిల్లల బట్టలకని వేరుగా అమ్మే ఖరీదైన ద్రవాలు అక్కర్లేదు. వంటింట్లో, కిరాణా కొట్టులో, మందుల షాపులో దొరికేవి చాలు. కాకపోతే వరస తప్పకూడదు. మరక మొండికేసేది చాలావరకు మొదట చేసిన తప్పు వల్లనే.

ఆ తప్పుల్లో పెద్దది వేడినీళ్లు. పాలు, కక్కిన పాలు, విరేచనం, నెత్తురు, వీటన్నిటిలో ప్రొటీన్ ఉంటుంది. గుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడ్డట్టే ఇదీ గట్టిపడి నూలుపోగును కరుచుకుంటుంది. అందుకే ముందు చల్లనీళ్లు. బట్టను తిరగేసి, మరక వెనుక వైపు నుంచి నల్లా ధార పడేలా పట్టుకోవాలి. ముందు వైపు నుంచి పడితే మురికి ఇంకా లోపలికి దిగుతుంది. తర్వాత 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్ల డిటర్జెంట్ పొడి కలిపి గంటసేపు నానబెట్టాలి. పాత మరకైతే రాత్రంతా ఉంచాలి. ప్యాకెట్ మీద ఎంజైములు ఉన్నాయని రాసి ఉన్న పొడినే తీసుకోండి, ఈ మరకల్ని విరగ్గొట్టేవి అవే. మరుగునీళ్లు పోస్తే ఎంజైములు పనిచేయవు. పట్టుకు, ఉన్నికి మాత్రం ఈ పొడి వద్దు. పట్టు, ఉన్ని కూడా ప్రొటీన్లే కాబట్టి మరకతో పాటు పోగు కూడా దెబ్బతింటుంది. బారసాలకు వేసిన పట్టు బట్టలకు చల్లనీళ్లు, పలుచని కుంకుడుకాయ రసం చాలు.

తల్లిపాలు తాగే పిల్లల పచ్చటి విరేచనం మరక ఉతికాక కూడా లేత పసుపుగా మిగిలిపోతుంది. అది పైత్యరసపు రంగు. ఇంకోసారి రుద్దకండి. తడిగా ఉన్నప్పుడే మరక పైకి వచ్చేలా ఎండలో పరిచి, ఆరుతుంటే నీళ్లు చిలకరించండి. కామెర్లు వచ్చిన పసిబిడ్డను నీలి దీపం కింద పడుకోబెట్టినప్పుడు విరిగేది ఈ రంగే, ఎండ కూడా దాన్ని అలాగే విరగ్గొడుతుంది. మన ఓరుగల్లు ఎండకు పైసా ఖర్చు లేదు. రంగు బట్టలు మాత్రం ఎక్కువసేపు ఉంచితే వెలిసిపోతాయి, అరగంటకోసారి చూసుకోవాలి.

పసుపు మరక గురించే సభ్యులు ఎక్కువగా అడిగారు. సబ్బు పెట్టగానే పసుపు కాస్తా ఎర్రబడుతుంది, బట్ట పాడైందని పారేసినవాళ్లున్నారు. పాడుకాలేదు. పసుపులో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా తయారవుతాయో ఇదీ అంతే. క్షారం తగిలితే ఎరుపు, కడిగేస్తే మళ్లీ పసుపు. పప్పన్నం పడితే ముందు మెతుకులు గీకేసి, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి నూనె వదిలించాలి. పసుపు రంగు నూనెలో కలిసే ఉంటుంది కాబట్టి నూనె పోతేనే అది కదులుతుంది. ఆ తర్వాత కడిగి ఎండలో వేయాలి. పసుపు రంగు ఎండకు నిలవదు, ఒకటి రెండు పగళ్లలో వెలిసిపోతుంది.

మర్దన నూనెకు మాత్రం పద్ధతి వేరు. నీళ్లు తగలకముందే పొడి బట్ట మీద శనగపిండి చల్లి పావుగంట ఉంచి దులిపేయాలి, తర్వాత గిన్నెల ద్రవం రుద్ది వేడినీళ్లు పోయాలి. కాటుక అయితే మసి, నూనె కలిసినది. తడి చేసి రుద్దితే దిష్టి చుక్కంత మరక అరచేయంత అవుతుంది. కొబ్బరినూనె ఒక చుక్క వేసి, కింద పాత గుడ్డ పెట్టి, అంచు నుంచి మధ్యకు అద్దుతూ గుడ్డకు మసి ఎక్కించాలి. మిగిలిన నూనెకు గిన్నెల ద్రవం ఉంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మరకకు ముందు చల్లనీళ్లు, తర్వాత డిటర్జెంట్ నీళ్లలో నానబెట్టడం సరిపోతుంది, ఎండి గట్టిపడకముందే చేస్తే ఇంకా సులువు.

ఐరన్ సిరప్ మరక అన్నిటికంటే మొండిది. ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు వేస్తాం కాబట్టి ప్రతి ఇంట్లో ఉండే మరక ఇది. బ్లీచింగ్ వేస్తే తుప్పు రంగు శాశ్వతంగా ఉండిపోతుంది. నిమ్మరసం పిండి, మీద చిటికెడు ఉప్పు వేసి, తడి ఆరకుండా చూస్తూ గంటసేపు ఎండలో ఉంచి కడగాలి. పోకపోతే మళ్లీ అదే చేయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ దీని మీద వేయొద్దు, ఇనుము ఉన్నచోట అది విపరీతంగా పనిచేసి బట్ట చీకిపోతుంది. తెల్ల నూలు బట్ట మీది పాత నెత్తురు మరకకైతే అది మంచిదే. మందుల షాపు సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి దించి, ముందు కుట్టు మడతలో ఒక చుక్క వేసి చూసుకుని, మరక మీద పది నిమిషాలు ఉంచి కడగాలి. కలిపింది దాచకండి.

ఎంత ఉతికినా బట్ట బూడిదరంగులోనే ఉంటే తప్పు మరకది కాదు, బోరునీళ్లది. సీసాలో సగం నీళ్లు పోసి, సబ్బు తురుము కొంచెం వేసి గట్టిగా ఊపండి. నురగ రాకుండా తెల్లటి తరకలు తేలితే అవి కఠిన జలాలు. ఆ తరకలే బట్టలో చిక్కుకుని మురికిని పట్టేస్తాయి, లంగోటీ తడి పీల్చదు, పిల్లలకు ఒరుసుకుంటుంది. 10 లీటర్ల బకెట్‌లో ముందుగా ఒక టేబుల్‌స్పూన్ బట్టల సోడా కరిగించి, తర్వాత పొడి వేయండి. ఇది తినే సోడా కాదు. చేతులకు మంట పుడుతుంది, పసుపు మరకను ఎర్రగా చేస్తుంది. నల్లా వచ్చే రోజు నీళ్లు పట్టి పెట్టుకుంటే చివరి జాడింపుకు మంచిది. చివరి నీళ్లలో నురగ పూర్తిగా పోయేవరకు, కనీసం మూడుసార్లు జాడించాలి.

బ్లీచింగ్ ద్రవాన్ని పిల్లల బట్టలకు వాడొద్దని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రొటీన్ మరకను అది ఇంకా పచ్చబరుస్తుంది, నడుము ఎలాస్టిక్‌ను తినేస్తుంది. నిమ్మరసం, వెనిగర్ ఉన్నచోట దాన్ని కలిపితే ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది.

ఇంకో తీర్మానం అంతకంటే ముఖ్యమైనది. సంఘం ట్రంకుపెట్టెలో పెట్టే పాత బట్టల మధ్య కలరా ఉండలు వేయకూడదు. జీసిక్స్‌పీడీ అనే ఎంజైము తక్కువగా పుట్టిన బిడ్డకు ఆ వాసన పట్టిన బట్ట తొడిగితే ఎర్ర రక్తకణాలు విరిగి, కామెర్లు ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. ఏ బిడ్డకు ఆ లోపం ఉందో పైకి తెలియదు. ఎండిన వేపాకు గుడ్డ మూటలో కట్టి వేయండి. ఇప్పటికే ఉండలు వేసి దాచినవైతే ఉతికి, ఎండలో గాలికి ఆరేసి, వాసన పూర్తిగా పోయాకే ఇవ్వండి. పోకపోతే తుడుపు గుడ్డలకు వాడుకోండి.

ఖర్చుల లెక్క కోశాధికారి పుస్తకంలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. వచ్చే ఏడాది చలికాలం రాకముందే బొంతల మార్పిడి పెట్టాలని కమిటీ నిర్ణయించింది. తెచ్చేవాళ్లు బొంతను రెండు పగళ్లు ఎండబెట్టి, మధ్యలో చెయ్యి పెట్టి లోపలి పొర కూడా ఆరిందో లేదో చూసుకుని తేగలరు.