నాన్నకి, బారో నది లాకుల దగ్గర్నుంచి

నాన్నా,

ఎలా ఉన్నావు, మోకాళ్ళ నొప్పి తగ్గిందా, అమ్మ బీపీ మాత్రలు టైముకి వేసుకుంటోందా. ఫోన్లో చెప్దామంటే నీకు సగం వినపడదు, మిగతా సగం అమ్మ లాక్కుంటుంది, అందుకే కూర్చుని టైపు చేస్తున్నా, చెల్లి పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి ఇస్తానంది. నిదానంగా చదువుకో, ఇది నీకోసమే రాస్తున్నా.

మొన్న స్కూలు సెలవుల్లో మేం ముగ్గురం వారం రోజులు పడవలో ఉన్నాం. ఉన్నామంటే వంటా అందులోనే పడకా అందులోనే, పొడుగ్గా సన్నగా ఇనప పడవ, డీజిల్ ఇంజను, వెనకాల నిలబడి చుక్కాని పట్టుకోవాలి. అద్దె పడవకి లైసెన్సు అక్కర్లేదు, కాసేపు నేర్పించి చేతికిచ్చేస్తారు. ఐర్లాండులో బోటు అంటే అందరూ షానన్ నదికే పోతారు, పెద్ద నది, మధ్యలో సముద్రంలాంటి సరస్సులు, మీ అల్లుడుగారు కూడా అక్కడికే అన్నారు. నేనే పట్టుబట్టి బారో నది అన్నాను. పొడుగులో ఈ దేశంలో రెండో నది అది, 192 కిలోమీటర్లు, అయినా మా ఆఫీసులో సగం మంది ఎప్పుడూ చూడలేదట. నేనెందుకు పట్టుబట్టానంటే మ్యాపులో అథై అనే ఊరి నుంచి సెయింట్ మలిన్స్ దాకా లెక్కపెడితే 23 లాకులు ఉన్నాయి నాన్నా, పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల లాకులు, నువ్వు నడిపినలాంటివే. 23 లాకులు! అది చూశాక ఇంక వేరే ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాలేదు.

మేం ఎక్కింది వికార్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో, అది నది కాదు కాలవ. గ్రాండ్ కెనాల్ అని డబ్లిన్ నుంచి షానన్ నది దాకా 1804 కల్లా తవ్వేశారు, దాని కొమ్మ ఒకటి కిందికి దిగి అథైలో బారో నదిలో కలుస్తుంది, ఆ కొమ్మ 1791లోనే అథై చేరింది. అంటే మన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన 1852కి అరవై ఏళ్ళ ముందే. డబ్లిన్లో నేను మధ్యాహ్నం లంచ్ టైములో రోజూ ఒక కాలవ గట్టు మీద నడుస్తానని చెప్పేదాన్ని కదా, అది కూడా ఇదే కాలవే, మూడేళ్ళు దాని పక్కనే నడిచి అది ఎటు పోతుందో కనుక్కోలేదు.

నువ్వు అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు, ఈ కాలవకి నీళ్ళెక్కడివి అని. పోలర్డ్స్‌టౌన్ అనే చోట పెద్ద ఊట చిత్తడి నేల ఉంది, అక్కణ్ణుంచి పిల్ల కాలవ మీద తెచ్చి ఎత్తైన చోట పెద్ద కాలవలో వదుల్తారు, అక్కణ్ణుంచి రెండు వైపులకీ పల్లానికి దిగుతుంది. నీ రెండో ప్రశ్న ఎన్ని ఎకరాల ఆయకట్టు అని కదా, ఒక్క ఎకరం కూడా లేదు నాన్నా. ఒక్క తూము కూడా లేదు. ఇక్కడ ఆకాశమే పొలాలు తడుపుతుంది, ఈ కాలవ తవ్వింది ముఖ్యంగా పడవలు నడవడానికే, సరుకు కోసం మనుషుల కోసం. మొదట్లో నాకు అది చాలా వింతగా అనిపించింది, కాలవ గట్టు దిగితే వరి చేను ఉండాలి కదా మనకి, ఇక్కడ గట్టు దిగితే ఆవులు మేస్తూ మనల్నే చూస్తుంటాయి.

కాలవలో గంటకి 6 కిలోమీటర్లు దాటకూడదు, గట్టు కోసుకుపోతుందని. గట్టు మీద కుక్కని తిప్పుకునే ముసలాయన మనకి గుడ్ మార్నింగ్ చెప్పి మనల్ని దాటి వెళ్ళిపోతాడు, అంత నెమ్మది. రెండు రోజులకి చిన్నోడు ట్యాబ్ అడగటం మానేశాడు, ముందు కూర్చుని పిట్టల్ని లెక్కపెట్టేవాడు. లకుముకి పిట్ట కనపడింది, మన దానంత పెద్దది కాదు కానీ అదే నీలం, నీళ్ళ మీద గీత గీసినట్టు పోతుంది. నారాయణ పక్షి అయితే ప్రతి లాకు దగ్గరా ఒకటి కాపలా ఉన్నట్టు నిలబడి ఉంటుంది, మన లాకుల దగ్గర లాగే, పడవ దగ్గరికొచ్చేదాకా కదలదు.

అథైలో కాలవ అయిపోయి నదిలోకి దిగుతాం. అక్కడ గుర్రాలు నది దాటడానికి కట్టిన రాతి వంతెన ఉంది, గుర్రాలు ఎందుకో తర్వాత చెప్తా. నదిలో ఏం చేశారంటే, ఎక్కడ ఏరు పల్లానికి దూకుతుందో అక్కడ ఏటవాలుగా చిన్న ఆనకట్ట కట్టారు, పక్కన కొంచెం దూరం కాలవ తవ్వి దాని చివర లాకు పెట్టారు. పడవ ఆనకట్ట వైపు పోకుండా ఆ పక్క కాలవలోకి తిప్పుకోవాలి, వరద ఉంటే మాత్రం అసలు కదలనివ్వరు, లాగేసుకుంటుంది. మళ్ళీ నది, మళ్ళీ ఆనకట్ట, మళ్ళీ లాకు. ధవళేశ్వరం పద్ధతే ఇది, కాకపోతే బొమ్మంత చిన్నవి, ఒకదాని తర్వాత ఒకటి.

ఇక్కడ లాకు మనమే నడుపుకోవాలి. అద్దెవాళ్ళు ఒక ఇనప హ్యాండిల్ ఇస్తారు, లాకు కీ అంటారు, మూర కంటే కొంచెం పొడుగు, వంకర తిరిగి ఉంటుంది, చివర చదరం కన్నం. దాన్ని తలుపు మీద ఉన్న ఇరుసుకి తొడిగి తిప్పితే కింద చిన్న షట్టరు లేస్తుంది, నీళ్ళు లోపలికో బయటికో పోతాయి. రెండు వైపులా మట్టం సమానమయ్యాక తలుపుకి ఉన్న పొడుగాటి దూలానికి వీపు ఆనించి, కాళ్ళు రాయికి తన్నిపెట్టి తోయాలి. సమానం కాకపోతే పదిమంది తోసినా రాదు, సమానమైతే పిల్లాడు తోసినా వస్తుంది అని నువ్వు చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని చూపించేవాడివి, రెండు తలుపులు పై నీళ్ళ వైపు మొనతేలి ఎందుకుంటాయో కూడా చెప్పావు, నీళ్ళే వాటిని బిగించి మూస్తాయని. నేను అదే మాట చిన్నోడికి చెప్పి దూలం తోయించాను. తలుపు కదలగానే వాడు అరిచిన అరుపు నీకు వినపడి ఉండాలి అక్కడికి.

అలా అని తప్పులు చెయ్యలేదా అంటే చేశాను, ఒకటి పెద్దదే. కార్లో టౌను దాటాక ఒక లాకులో కిందికి దిగుతున్నాం, మీ అల్లుడుగారు చుక్కాని దగ్గర, నేను గట్టు మీద. పడవ కదులుతోందని తాడు గుంజకి రెండు చుట్లు చుట్టి ముడి వేసేసి కింది తలుపు షట్టర్లు తెరవడానికి వెళ్ళిపోయాను. నీళ్ళు దిగుతున్నాయి, పడవ దిగట్లేదు. ఒక పక్క తాడుకి వేలాడిపోయింది, తాడు కర్ర లాగ బిగిసిపోయి కిర్రుమంటోంది, లోపల వంటింట్లో గిన్నెలన్నీ ఒక పక్కకి జారిపోయిన చప్పుడు. ముడి విప్పుదామంటే వేలు కూడా దూరట్లేదు. అప్పుడు నాకు నువ్వు ఇసక పడవ వాళ్ళ మీద కేకలేసిన మాట గుర్తొచ్చింది, తాడు చేతిలో ఉండాలిరా ముడిలో కాదు అని. పరిగెత్తి కింది షట్టర్లు మూసేశాను, పైవి తెరిచాను, నీళ్ళు నెమ్మదిగా పెరిగి పడవ నిటారుగా అయ్యాక తాడు దానంతటదే వదులైంది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు కానీ నా కాళ్ళు సాయంత్రం దాకా వణుకుతూనే ఉన్నాయి. ఆ తర్వాత అన్ని లాకుల్లోనూ తాడు ఒక చుట్టే, చేత్తో పట్టుకుని వదులుతూ.

ఊళ్ళ గురించి కొంచెం చెప్తా. కార్లోలో 1926లో, స్వతంత్రం వచ్చాక ఐర్లాండులో మొదటి పంచదార ఫ్యాక్టరీ పెట్టారు, చెరుకు కాదు దుంపలతో, ఆ దుంపలు పడవల మీద ఈ నదిలోనే వచ్చేవి. 2005లో మూసేశారు. తణుకు ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బళ్ళ బారు గుర్తొచ్చింది నాకు. దాని కింద మిల్‌ఫర్డ్ అనే చోట నీళ్ళ మిల్లుతో కరెంటు తీసి 1891లోనే కార్లో వీధుల్లో లైట్లు వెలిగించారట. లాక్లిన్‌బ్రిడ్జ్ అని ఇంకో ఊరు, ఆకాశం నీలంగా ఎందుకుందో మొదట ఆలోచించిన వాళ్ళలో ఒకడైన టిండాల్ అనే సైంటిస్టు 1820లో అక్కడే పుట్టాడు. విశాఖపట్నంలో చదువుకున్న మన సి.వి. రామన్ తర్వాత సముద్రం రంగు మీద పని చేశాడు కదా, చిన్నోడికి ఈ రెండూ కలిపి చెప్తే ఆ రోజంతా ఆకాశాన్నే చూశాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది క్లాష్‌గాని దగ్గర. రెండు పక్కలా కొండ మీద అడవి, నది వంపు తిరిగి కిందికి పోతుంది, ఎవరూ లేరు, ఇంజను ఆపేస్తే ఆనకట్ట మీద నీళ్ళ చప్పుడొక్కటే. మన పాపికొండల్ని చేతిలో పట్టేంత చేసి పెట్టినట్టుంది. దాని తర్వాత బాలీకీనన్ దగ్గర జంట లాకు, ఒక లాకు దిగగానే ఇంకో లాకు తలుపు, మధ్యలో నది లేదు. ఆ రెండూ దిగేసరికి గంట పట్టింది, మేం తొందరపడలేదు కూడా.

గ్రెగ్‌నమానాలో పడవ కట్టేశాం. ఆ పేరుకి సన్యాసుల ఊరు అని అర్థం, 1204లో కట్టిన మఠం ఇంకా ఉంది, అందులో ఇప్పటికీ ప్రార్థనలు చేస్తారు. అక్కణ్ణుంచి సెయింట్ మలిన్స్ దాకా ఆరు కిలోమీటర్ల పైన గట్టు మీద నడిచే వెళ్ళాం. గట్టంతా గడ్డి నాన్నా, మెత్తగా పరుపులాగ. దీన్ని గట్టి రోడ్డులా చేద్దామని ఆ మధ్య ప్లాను వేస్తే ఇక్కడి వాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు, పర్మిషను కూడా రాలేదు, నాకైతే అదే మంచిదనిపించింది. చివరి లాకు సెయింట్ మలిన్స్ దగ్గర, దాని కింద నుంచి సముద్రపు పోటు తగుల్తుంది. మేం వెళ్ళేసరికి ఆటు, ఒడ్డున బురద బయటపడి ఉంది, ఆ బురద వాసన నరసాపురం రేవు వాసనే. కళ్ళు మూసుకుంటే పంటు ఎప్పుడొస్తుందా అని నిలబడ్డట్టే ఉంది.

ఇప్పుడు గుర్రాల సంగతి. ఇది మొదటి రోజే చూశాం కానీ నీకు చివర్లో చెప్దామని దాచుకున్నా. వికార్స్‌టౌన్ దాటాక కాలవ మీద ఒక పాత రాతి వంతెన కింద నుంచి పోతుంటే, వంతెన అంచు రాయి మీద గాడులు కనపడ్డాయి. చూపుడు వేలు పట్టేంత లోతు, నున్నగా, ఒకటి కాదు ఏడెనిమిది, ఒకదాని మీద ఒకటి. నేను పడవ ఆపించి దిగి వేలు పెట్టి చూశాను. గట్టు మీద ఒక పెద్దాయన ఆగి చెప్పాడు, అవి తాళ్ళు కోసిన గాడులు అని. ఇంజన్లు రాకముందు ఇక్కడ గుర్రాలు గట్టు మీద నడుస్తూ పడవల్ని లాగేవి, వంతెన కిందకి వచ్చినప్పుడల్లా తడి తాడు ఇసకతో కలిసి రాయికి ఒరుసుకునేది, అలా నూరేళ్ళ పైన. వాళ్ళ నాన్న కూడా కాలవ పడవల మీద పని చేశాడట, డబ్లిన్ గిన్నిస్ ఫ్యాక్టరీ సరుకు మోసే పడవలు 1960లో ఆగిపోయాయి, దాంతోనే వాళ్ళ నాన్న పనీ పోయిందట.

నేను ఆయనకి మా తాతయ్య గురించి చెప్పాను. మా దగ్గర గుర్రాలు కాదు మనుషులే లాగేవాళ్ళని, నడుముకో భుజానికో తాడు వేసుకుని గట్టు మీద వంగి నడిచేవాళ్ళని, ధాన్యం బస్తాలతో ఉన్న గూటి పడవని నలుగురు కలిసి లాగేవాళ్ళని. తాతయ్య కుడి భుజం మీద కాయ కాసి ఉండేది కదా, నల్లగా, గట్టిగా, నేను స్నానం చేయించేటప్పుడు దాన్ని నొక్కి నొప్పి పెడుతుందా అని అడిగేదాన్ని. గట్టు మీద పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత టోపీ తీసి, మీ తాతగారి పేరేమిటి అని అడిగాడు. చెప్పాను. రెండు మూడు సార్లు పలకడానికి ప్రయత్నించి సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు.

ఆ తాతయ్య కొడుకువి నువ్వు లాకు తలుపులూ షట్టర్లూ నడిపే లస్కరుగా చేరి ముప్ఫై ఏళ్ళు లాకుల మీద ఉన్నావు, మే 15న కాటన్ దొర విగ్రహానికి నువ్వే దండ వేసేవాడివి, మేం ఎప్పుడూ నిన్ను ఆ పని గురించి సరిగ్గా అడగలేదు. స్కూల్లో నాన్న ఏం చేస్తారంటే ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్ అని చెప్పేదాన్ని, లస్కరు అని చెప్పేదాన్ని కాదు. అది తప్పు నాన్నా, నాకు తెలుసు.

నాకు రెండు కావాలి. ఒకటి, నీ షట్టరు తిప్పే హ్యాండిల్ ఇంకా అటక మీదే ఉందా, ఉంటే చెల్లి చేత ఫోటో తీయించి పంపు, పక్కన నీ చెయ్యి పెట్టి తియ్యమను. చిన్నోడు ఇక్కడి లాకు కీ ఫోటో పక్కన పెట్టి స్కూల్లో చూపిస్తాడట. రెండోది, కాలవలో నీళ్ళున్నంత కాలం నువ్వు ఊరు కదలవని నాకు తెలుసు, రిటైరయ్యి ఆరేళ్ళయినా పొద్దున్నే వెళ్ళి మట్టం చూసొస్తావట, అమ్మ చెప్పింది. అందుకని వేసవిలో కాలవలు కట్టేశాక రా. ఇక్కడ మే నెలలో రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగుంటుంది, చలి కూడా అంత ఉండదు, నీకు మంకీ క్యాప్ సరిపోతుంది. మొనాస్టరెవిన్ అని ఒక ఊళ్ళో కాలవ బారో నది మీద నుంచే పోతుంది, కింద నది పైన పడవ, మన గన్నవరం అక్విడెక్టు లాగ. ఈసారి కారులోంచి చూశాం అంతే, నువ్వొచ్చాక పడవలో దాటదాం. చుక్కాని నీది, లాకులు నావీ చిన్నోడివీ.

అన్నయ్యకి చెప్పి పాస్‌పోర్టు పని ఈ నెలలోనే మొదలుపెట్టించు, ఆధార్‌లో నీ పుట్టిన తేదీ తప్పుంది కదా ముందు అది సరి చేయించమను. అమ్మని కూడా తీసుకురా, పడవలో గ్యాసు పొయ్యి ఉంది, పులస దొరకదు కానీ సాల్మన్ దొరుకుతుంది.

నీ పెద్ద కూతురు