నాజీల వేటలో కాగితాలు కనిపించవేం?

సంపాదకులకు,

పారిపోయిన నాజీ యుద్ధ నేరస్థుల వేట మీద తీసిన 'హంటర్స్' సిరీస్‌ను మీ సమీక్షకులు చరిత్రను కళ్లకు కట్టిందని మెచ్చుకున్నారు. 1977 నాటి న్యూయార్కులో ఒక ముఠా నాజీలను వెతికి వెతికి చంపుతుంటే చూడడానికి బాగానే ఉంటుంది, అల్ పచీనో ఉన్నాడు కాబట్టి ఇంకాస్త బాగుంటుంది. కానీ అసలు వేటలో తుపాకీ పేలిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నాజీలకు సహకరించిన లాత్వియా మనిషి హెర్బర్ట్స్ సుకుర్స్‌ను 1965 ఫిబ్రవరిలో ఉరుగ్వేలో ఇజ్రాయెల్ గూఢచార సంస్థ మొసాద్ చంపింది. అలాంటివి అరుదు. వెతికినవాళ్లకు ఏళ్లకు ఏళ్లు పట్టింది ఒక్క ప్రశ్న దగ్గర: ఈ మనిషి ఆ మనిషేనా?

యూదులను మారణ శిబిరాలకు తరలించే పని నడిపిన నాజీ అధికారి అడాల్ఫ్ ఐష్‌మన్ సంగతే చూడండి. అర్జెంటీనాలో ఉన్న లోథార్ హెర్మన్ ఒకప్పుడు నాజీల డాఖావు శిబిరంలో ఖైదీ, చూపు దాదాపు పోయిన మనిషి. తన కూతురితో తిరుగుతున్న కుర్రాడి ఇంటిపేరు ఐష్‌మన్ అని తెలిసి ఆయనకు అనుమానం వచ్చింది. తండ్రి పేరు మార్చుకున్నా కొడుకులు పాత ఇంటిపేరే వాడుకుంటున్నారు! ఆ కబురు జర్మనీలోని హెస్సే రాష్ట్ర ప్రాసిక్యూటర్ ఫ్రిట్జ్ బవర్‌కు చేరింది. సొంత ప్రభుత్వానికి చెబితే ఐష్‌మన్‌కు ముందే ఉప్పందుతుందని భయపడి ఆయన 1957లో ఇజ్రాయెల్‌కు చెప్పాడు. మొసాద్ మనిషి వెళ్లి బ్యూనస్ ఎయిరిస్ శివారు ఒలివోస్‌లోని ఆ ఇల్లు చూశాడు. అంత పెద్ద నాజీ ఇంత బీద కొంపలో ఉంటాడా అని తిరిగొచ్చేశాడు. తరువాత హెర్మన్ స్వయంగా ఆరా తీస్తే ఆ ఇంటికి రెండు కరెంటు మీటర్లున్నాయని తేలింది. ఒకటి డగోటో పేరున, రెండోది క్లెమెంట్ పేరున. ఇంటి యజమాని ష్మిట్. ఆ ష్మిట్టే ముఖం మార్చుకున్న ఐష్‌మన్ అని హెర్మన్ తేల్చేశాడు. ష్మిట్ కాదని రుజువయ్యాక మొసాద్ ఫైలు పక్కన పెట్టింది. మీటరు మీదున్న క్లెమెంట్ ఎవరని అడిగినవాడు లేడు. ఐష్‌మన్ మారుపేరు అదే. ఆ పేరు వేరే దారిలో బవర్ చేతికి మళ్లీ వచ్చేసరికి 1959 ముగింపుకొచ్చింది.

1960 మార్చి 21న గారిబాల్డి వీధిలోని కొత్త ఇంట్లో ఆ కుటుంబం ముస్తాబై కనిపించింది. అది ఐష్‌మన్ దంపతుల ఇరవై అయిదో పెళ్లిరోజు. క్లెమెంట్ అనే రెండో మొగుడుంటే భార్య మొదటి పెళ్లిరోజు చేసుకోదు కదా! మే 11న పట్టుకున్నాక చంక దగ్గర పచ్చబొట్టు చెరిపిన మచ్చ చూశారు, నాజీ పార్టీ సాయుధ దళం ఎస్ఎస్‌లో అతని సభ్యత్వ సంఖ్య అడిగారు. ఈ కథ నడిపించింది ఒక మీటరు, ఒక తేదీ, ఒక నంబరు. ఇంతకంటే ఉత్కంఠ ఏం కావాలో దర్శకులకే తెలియాలి.

పచ్చబొట్టు ప్రస్తావన వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఎస్ఎస్ సైనికులకు ఎడమ చేతి లోపలివైపు, చంకకు దగ్గరగా, రక్తం గ్రూపు అక్షరాన్ని చిన్నగా పొడిచేవారు. తెర మీద అది కనిపిస్తే చాలు, కేసు తేలిపోతుంది. నిజానికి అది అందరికీ లేదు. ఆష్విట్జ్ శిబిరంలో ఖైదీల మీద ప్రయోగాలు చేసిన డాక్టర్ జోసెఫ్ మెంగెలె పొడిపించుకోలేదు, యుద్ధం ముగిశాక అమెరికన్ల చేతికి చిక్కి కూడా బయటపడడానికి అది సాయపడింది. అతను 1979 ఫిబ్రవరిలో బ్రెజిల్ సముద్రతీరంలో మునిగి చచ్చాడు, వేరే పేరుతో పూడ్చారు. 1985లో ఎముకలు తవ్వి తీశారు, 1992లో డీఎన్ఏ పరీక్షతో ఖాయం చేశారు. అంటే చచ్చినవాణ్ణి ఆరేళ్లు వెతికారు.

ఇక అమెరికా చట్టం విషయం సిరీస్ దాదాపు దాటేసింది. యూరప్‌లో యూరోపియన్ల మీద జరిగిన హత్యలకు విచారణ జరిపే అధికారం అమెరికా కోర్టులకు లేదు. అందుకని ప్రభుత్వం పట్టుకున్నది అబద్ధాన్ని. వీసా దరఖాస్తులో యుద్ధకాలంలో ఎక్కడున్నావన్న గడికి పొలం పని అని రాసినవాడి పేరు శిబిరం కాపలాదారుల జాబితాలోనో, జీతాల పట్టీలోనో, బదిలీ ఉత్తర్వులోనో దొరకాలి. ముందు ఫెడరల్ కోర్టులో పౌరసత్వం రద్దు, తరువాత ఇమిగ్రేషన్ కోర్టులో బహిష్కరణ, రెంటి మీదా అప్పీళ్లు. ఇది సివిల్ దావా, గెలిచినా జైలు లేదు. ఈ పనికి న్యాయశాఖలో ప్రత్యేక విభాగం వచ్చింది 1979లో. కాబట్టి 1977లో ఎవరూ పట్టించుకోలేదన్న సిరీస్ కోపంలో సగం నిజముంది. సగమే ఎందుకంటే, క్వీన్స్‌లో గృహిణిగా ఉంటున్న మైదానెక్ శిబిర కాపలాదారు హెర్మీన్ బ్రౌన్‌స్టైనర్‌ను 1973లోనే పశ్చిమ జర్మనీకి అప్పగించారు. 1981లో ఆమెకు యావజ్జీవం పడింది.

గెలిచాక వచ్చే చిక్కు ఇంకొకటి: బహిష్కరించినవాణ్ణి తీసుకునే దేశమేది? నాజీలు శిబిరాల కాపలాదారులను తయారుచేసిన ట్రావ్నికీలో శిక్షణ పొందిన యాకివ్ పాలీ మీద 2004లో ఉత్తర్వు వచ్చింది. ఏ దేశమూ రానివ్వక పద్నాలుగేళ్లు న్యూయార్కులోనే ఉన్నాడు. 2018లో జర్మనీ ఒప్పుకుంది.

సిరీస్‌లో వేటగాళ్లు ఫొటో చూసి, బతికి బయటపడిన ఒకరి మాట విని, తలుపు తట్టేస్తారు. ముప్పై, నలభై ఏళ్ల తరువాత ముఖం గుర్తుపట్టడం ఎంత ప్రమాదమో అమెరికాలో స్థిరపడిన జాన్ డెమ్యాన్యుక్ కేసు చూపింది. ట్రెబ్లింకా మారణ శిబిరం నుంచి బతికి బయటపడినవాళ్లు అక్కడి క్రూర కాపలాదారు 'ఇవాన్ ది టెరిబుల్' అతనేనని ప్రమాణం చేసి చెప్పారు. వాళ్లు అబద్ధమాడలేదు, పొరబడ్డారు. 1988లో ఇజ్రాయెల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. సోవియట్ దస్తావేజుల్లో ఆ ఇవాన్ ఇంటిపేరు మార్చెంకో అని బయటపడడంతో 1993లో అక్కడి సుప్రీంకోర్టు వదిలేసింది. డెమ్యాన్యుక్ నిర్దోషి అనీ కాదు. ట్రావ్నికీ గుర్తింపు కార్డు 1393 అతన్ని సోబిబోర్ అనే మరో మారణ శిబిరంలో నిలబెట్టింది, 2011లో మ్యూనిక్ కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది, అప్పీలు తేలకముందే పోయాడు. షికాగోలో ఒక కార్మికుడికైతే సాక్షుల మాట మీదే 1978లో పౌరసత్వం పోయింది. యుద్ధమంతా అతను జర్మనీలో పొలాల్లో కూలి చేశాడని పాత ఆరోగ్య బీమా రికార్డులు చెప్పాక కేసు నిలవలేదు. సిరీస్ ముఠా చేతికి అతను చిక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించండి.

ఖైదీలను పావులుగా నిలబెట్టి ఆడే మానవ చదరంగం దృశ్యాన్ని మీ సమీక్ష ప్రత్యేకంగా పొగిడింది. ఆష్విట్జ్‌లో అలాంటిది జరగలేదు. అక్కడి స్మారక మ్యూజియం 2020 ఫిబ్రవరిలోనే దీన్ని తప్పుపట్టింది. అసలు మారణకాండే జరగలేదని వాదించేవాళ్లకు ఇలాంటి కల్పన ఊతమిస్తుందని వాళ్ల అభ్యంతరం, అది న్యాయమైనదే. గ్యాస్ చాంబర్లున్న చోట క్రూరత్వానికి కొరత వచ్చిందా, కొత్తది కల్పించడానికి? అయితే సిరీస్ రచయిత ఒక మంచి జాగ్రత్త తీసుకున్నాడు. ఖైదీ పాత్రల చేతులపై పచ్చబొట్టు సంఖ్యలు 202499 కంటే పెద్దవి పెట్టించాడు, నిజమైన ఖైదీ సంఖ్య ఎవరిదీ వాడకూడదని.

చివరగా ఒక సవరణ. నాజీ శిబిరాల్లో ఖైదీలందరికీ చేతి మీద సంఖ్య పొడిచేవారని సమీక్షలో రాశారు. ఆ పని జరిగింది ఆష్విట్జ్ సముదాయంలో మాత్రమే. అక్కడ కూడా రాగానే నేరుగా గ్యాస్ చాంబర్లకు పంపినవాళ్లకు సంఖ్యలే ఇవ్వలేదు. మిగతా శిబిరాల్లో సంఖ్య బట్ట మీద కుట్టేవారు. వీలైతే రేపటి సంచికలో సరిచేయగలరు.

– ఒక చరిత్ర పాఠకుడు