మాయమైన 90 కోట్ల ఏళ్లకు ఒక బోర్డు

మన కొండల రాళ్ల కథ మన పిల్లలకే చేరడం లేదు. దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ రాతిపొరల్లో 320 కోట్ల ఏళ్లు దాటిన, ఆవగింజంత గుండ్రటి పూసలున్నాయి. గ్రహశకలం గుద్దుకి ఆవిరైన రాయి పైకెగసి, చల్లబడి, గాజు చినుకుల్లా రాలిందట. ఆ గుద్దుకి పడ్డ గొయ్యి చెరిగిపోయినా సాక్ష్యం మిగిలింది. మీ పత్రికలో ఇది చదివి మా పదో తరగతి పిల్లలు నోరెళ్లబెట్టారు. వాళ్లే మొన్న తిరుమల ఘాట్ రోడ్డులో, వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూసుకుంటూ, 250 కోట్ల ఏళ్లు పైబడిన గ్రానైట్ మీద దాదాపు 160 కోట్ల ఏళ్ల నాటి నగరి క్వార్ట్జైట్ (గట్టిపడిన ఇసుకరాయి) కూర్చున్న చోటు దాటేశారు. మధ్యలో దాదాపు 90 కోట్ల ఏళ్ల రాళ్లు మాయం! శిలాతోరణం దగ్గరైతే సెల్ఫీలే. బస్సులోంచే చదవగలిగేంత పెద్ద తెలుగు బోర్డు ఆ రెండు రాళ్లు కలిసే చోట పెట్టాలి. తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో ఒక పూసల రాతిముక్కను భూతద్దం కింద ఉంచాలి.

– ఒక సైన్స్ టీచర్, తిరుపతి