ముఖ్య అతిథి ఫొటో బదులు మొదటి పేజీ పెడదాం

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగిన గ్రంథాలయ వారోత్సవాల ఫొటోలు మీ జిల్లా పేజీలో రోజూ చూశాను. మా బడి ఫొటో కూడా వచ్చింది. అందులో రిబ్బను ఉంది, శాలువా ఉంది, అతిథులు ఉన్నారు, వెనక వరుసలో పిల్లల తలలు ఉన్నాయి. పుస్తకం మాత్రం ఒక్కటీ కనిపించలేదు. అదే ఫొటోను బడి ఫేస్‌బుక్ పేజీలోనూ, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాం. చాలామంది దండం బొమ్మలు పెట్టారు. మర్నాడు ఆ ఫొటో చూసి పుస్తకం అడగడానికి వచ్చినవాళ్లు ఎవరూ లేరు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. లైబ్రేరియన్ లేరు కాబట్టి గ్రంథాలయం కూడా నా నెత్తినే ఉంది. గ్రంథాలయమంటే స్టాఫ్‌రూములో రెండు ఇనుప బీరువాలు. ఒకదాని తాళంచెవి చాలాకాలం కనిపించలేదు. చివరికి సుద్దముక్కల డబ్బా అడుగున దొరికింది. సమగ్ర శిక్ష పథకంలో బడి స్థాయిని బట్టి ఏటా రూ.5,000 నుంచి రూ.20,000 దాకా గ్రంథాలయ గ్రాంటుకు వీలుంది. కనుక పుస్తకాలే లేవని మా బడిలో అనలేం. ఉన్నాయి, మంచివే ఉన్నాయి. ఉన్న సంగతే పిల్లలకు తెలియదు.

ఈ ఏడాది జులైలో ఒక పని మొదలుపెట్టాం. గ్రంథాలయానికి వేరే వాట్సాప్ గ్రూపు పెట్టి, అందులో టీచర్లు తప్ప ఎవరూ సందేశాలు పంపకుండా కట్టడి చేశాం. పాత గ్రూపులో సెలవుల కబుర్లు, పుట్టినరోజు కేకుల మధ్య పుస్తకం మునిగిపోయేది. రోజుకు ఒక్కటే సందేశం, అదీ రాత్రి ఎనిమిదికి. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో పనికి వెళ్లి, ఆ వేళకు గానీ ఇంటికి రాదు.

మొదట్లో నేనూ పొరపాట్లు చేశాను. ఇరవై పుస్తకాల జాబితా పంపాను, పఠనం గొప్పదనం గురించి సూక్తులు పంపాను. ఎవరూ కదల్లేదు. తర్వాత ఏడో తరగతి అమ్మాయి చేత ఒక దయ్యం కథ మొదటి పేజీ చదివించి, అర నిమిషం ఆడియో పెట్టాను. అర్ధరాత్రి తలుపు చప్పుడవుతుంది, ముసలమ్మ లాంతరు పట్టుకుని వెళ్లి గడియ తీస్తుంది. అక్కడితో ఆపేయమన్నాను. మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే స్టాఫ్‌రూము గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నారు. పుస్తకం ఒక్కటే. ఒకరు ఎడమ అట్ట, ఒకరు కుడి అట్ట పట్టుకున్నారు. చివరికి తలా ఒక రాత్రి అని వాళ్లే ఒప్పందం చేసుకున్నారు. ఆ సాయంత్రం మిరప తోటల్లో కూలికి వెళ్లే ఒక తల్లి నాకు వాయిస్ మెసేజ్ పంపింది: "టీచరు గారూ, తలుపు అవతల ఎవరున్నారో చెప్పండి." ఆవిడకు చదువు రాదు. నేను చెప్పలేదు. వంతు వచ్చినప్పుడు కూతురు ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి చదివి వినిపించింది.

"ఫోను ముట్టుకోవద్దనేదీ మనమే, ఫోనులో పిలిచేదీ మనమేనా?" అని మా సహోపాధ్యాయులొకరు ఎత్తిపొడిచారు. అడగవలసిన ప్రశ్నే. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవుల దగ్గర జనం ఉన్నారు గనుక పుస్తకాలను అక్కడికే తీసుకెళ్లారు. మా పిల్లలు రాత్రి ఎనిమిదికి ఏ రేవులో ఉంటారో అందరికీ తెలుసు. అయితే అక్కడ మేం ఇచ్చేది అర నిమిషమే, మిగతా కథ బీరువాలో ఉంటుంది. అందుకే మొత్తం పుస్తకం పీడీఎఫ్ పంపమని ఎవరడిగినా పంపను. రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్ల వరకు హక్కులుంటాయన్న సంగతి టీచర్లమే మరిచిపోతే ఎలా?

పిల్లల ముఖాల విషయంలో మాత్రం నాకు భయమే. పేరు, తరగతి, సెక్షను రాసి మరీ ఆడపిల్లల ఫొటోలను ఎవరైనా చూడగలిగే పేజీల్లో పెడుతున్నాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచినా, పుస్తకం కబురు చెప్పడానికి పిల్ల ముఖం ఎందుకు? అట్ట, దాన్ని పట్టుకున్న రెండు చేతులు చాలు. మా ఆడియోల్లో గొంతు ఉంటుంది, పేరు ఉండదు. అదీ ఇంట్లో అడిగి, సరేనన్నాకే.

అధికారులకు ఒక విన్నపం. ఏ కార్యక్రమానికైనా రుజువుగా ఫొటో పంపమంటున్నారు. ఫొటో కోసమే బీరువా తెరిచి, తీశాక మూసే బడులు ఉన్నాయి. మేమూ ఆ పని చేశాం. గ్రంథాలయానికి మాత్రం ఫొటో బదులు, పిల్లలకు పుస్తకాలిచ్చిన రిజిస్టరులో ఆ నెల పేజీ పంపమనండి. టైంటేబులులో ఉన్న లైబ్రరీ పీరియడును పరీక్షల పేరుతో లెక్కలకు ఇచ్చేయకుండా చూడండి. ఆడియో విని ఉత్సాహంగా వచ్చిన పిల్లవాడికి ఆ గంటలో బీరువా తాళం వేసి కనిపిస్తే, మరోసారి రాడు.

మీకూ ఒక మాట. వచ్చే ఏడాది వారోత్సవాలప్పుడు శాలువాల ఫొటోలు వేసే చోట, ఏదైనా బడి పిల్లలు తాము చదివిన పుస్తకం గురించి రాసిన నాలుగు వాక్యాలు వేయండి. ఆ కత్తిరింపు మా గ్రూపులో రాత్రి ఎనిమిదికి పెడతాను.

అన్నట్టు, ఆ దయ్యం కథల పుస్తకానికి అట్ట ఊడింది. ఇంకా ఆరుగురు వంతు కోసం కాచుకుని ఉన్నారు. రేపు దబ్బనం, దారం తీసుకెళ్లాలి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా